తొమ్మిది అరలు

పదిహేడు కిలోలు.
పార్సిల్ కౌంటర్ కుర్రాడు ఎత్తలేక
నేల మీదే నా వైపు నెట్టాడు.
పిల్లలు జారే ఎర్ర స్లెడ్ మీద తాడేసి కట్టి
ఔలు వీధుల మంచులో లాక్కొచ్చాను.
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
దారిలో ఒకావిడ ఆపి, ఏముంది అందులో అంది.
కంప్యూటర్ పెట్టె. ఖాళీదే.
ఖాళీదానికి ఇంత బరువెందుకమ్మా?
జవాబు తోచలేదు, తాడు భుజం మార్చుకున్నాను.

వంటింట్లో దుప్పటి పరిచి పడుకోబెట్టాను.
నేను ముందు ముఖం చూడను, వీపు చూస్తాను.
గాజు తలుపు నలుగురికీ చూపించేది,
వైర్లు దాక్కునే ఇరుకుసందు ఎవరూ తొంగిచూడనిది.
చేసినవాడి మనసు ఆ సందులో దొరుకుతుంది.
చూపుడువేలిని ఇనుప అంచు వెంట నడిపించాను
మెత్తగా మడిచారు, నునుపుగా గీశారు
కుడివైపు కింది మూల
ఒక్కచోట మాత్రం మరిచారు.
పుస్తకంలో రాసుకున్నాను: ఒక మార్కు తగ్గింపు.
పక్కనే ఎర్రటి వేలిముద్ర, అడక్కుండానే సాక్ష్యం.

కొవ్వొత్తి ఆర్పి పొగను ముందు జాలీకి చూపించాను.
తల వంచుకుని లోపలికి పోయింది,
పైకప్పు నుంచి తీరిగ్గా బయటికొచ్చింది.
గాలికి దారి తెలుసు. మంచిదే.

రాత్రి రెండింటికి
ఫ్రిజ్ ప్లగ్ పీకి
గోడ గడియారాన్ని పక్కగదిలో దిండు కింద పెట్టి
చప్పుడు కొలిచే మీటరు మూరెడు దూరాన నిలిపి
ఊపిరి బిగబట్టాను.
మూడు ఫ్యాన్లు, దూది మీద దూది రాసినట్టు.
ఉన్నట్టుండి అంకె ఎగిరింది.
పెట్టెది కాదు తప్పు
పై అంతస్తులో ఓయివా దగ్గు.
ఆయన మళ్ళీ పడుకునేదాకా
చీకట్లో అలాగే కూర్చున్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు.
నా దగ్గర తొమ్మిది హార్డ్ డిస్కులున్నాయి.
కెమి నదిలో దుంగలు తేల్చిన ముసలాళ్ళ మాటలు,
ఇరవై రెండేళ్ళుగా వంటిళ్ళలో కాఫీ తాగుతూ పట్టినవి.
వసంతంలో మంచు పగిలే చప్పుడు చేసి చూపించమంటే
ఒక్కొక్కరు ఒక్కోలా చేసేవారు, నోటితో.
చేసి, తమలో తాము నవ్వుకునేవారు.

ఇంత పెట్టె, నా నడుమెత్తు పెట్టె,
దీంట్లో డిస్కులకు అరలు రెండు!
ఊరంత ఇంటికి రెండే గూళ్ళు.
మిగతాదంతా రంగుదీపాలు ఊరేగడానికి.
కావాలంటే అరలు విడిగా కొనుక్కోమని
అడుగున మడతపెట్టిన కాగితం.

మూతపడ్డ బడి నుంచి తెచ్చిన పాతది మూలనుంది
బూడిదరంగు, తుప్పు కాలు
ఎలుగుబంటిలా గురకపెట్టే ఫ్యాన్
తొమ్మిది అరలు.
దాని ఎముకల గూడు కోశాను.
కొత్తదాని కడుపులో కన్నాలు పొడుస్తుంటే
తలుపు బాదారు.
ఉన్ని మేజోళ్ళతో ఓయివా, తిట్టడానికే దిగాడు.

తిట్టు సగంలో ఆగింది.
బల్ల మీద వరసగా డిస్కులు, వాటి మీద పేర్లు.
కళ్ళజోడు నుదుటి నుంచి దించి
నాలుగోది చేతిలోకి తీసుకున్నాడు.
సులో.
"వీడు మాట్లాడేవాడు కాదు," అన్నాడు
"అరిచేవాడు. మా పడవలో ఉన్నన్నాళ్ళూ
నా ఈ చెవి పనిచేయలేదు."

డ్రిల్ నా చేతిలోంచి లాక్కున్నాడు
నేను గూడు పట్టుకున్నాను, ఆయన రివెట్లు కొట్టాడు.
రెండు వంకరపోయాయి.
తలుపు ఇప్పుడు పూర్తిగా పడదు
చిటికెనవేలంత సందు.

మీటరు మళ్ళీ పెట్టాను. ఆరు డెసిబెళ్ళు ఎక్కువ.
నిశ్శబ్దానికి ఎన్ని మార్కులో
రాయబోతుంటే ఓయివా మంచిచెవి
ఆ సందుకు ఆనించి
నన్ను కదలొద్దని చెయ్యెత్తాడు.